గడ్డ లేదన్నాను

అక్క పోయాక నేను జొన్నరొట్టె చేయడం మానేశాను. ఒక్కదానికి రెండు రొట్టెల కోసం పొయ్యి ముందు చెమటలు కక్కడం ఎందుకని, అడిగినవాళ్ళతో అంటాను. అది అబద్ధం. పిండిలో వేడి నీళ్ళు పోయగానే అక్క గుర్తొస్తుంది, చేయి ఆగిపోతుంది. అంతే.

జహీరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పడం నా పని. పెళ్ళి చేసుకోలేదు. ఆ సంగతి మీద జనం చాలా మాట్లాడారు, నేను చాలా తిట్టాను, చివరికి రెండు పక్కలా అలసిపోయాం. అక్కది ఝరాసంగం. పిల్లల్లేరు. బావ పోయాక ఆమె కూడా ఒక్కతే. ప్రతి ఆదివారం షేర్ ఆటోలో, ఒళ్ళో జొన్నపిండి డబ్బా పెట్టుకొని వచ్చేది. "కిలో పిండి ఇక్కడ దొరకదా అక్కా?" అంటే, "పిండి దొరుకుతది. నువ్వు తింటున్నవో లేదో చూసుడు దొరకదు" అనేది. నా ఇంటికి వచ్చే మనిషి ఆమె ఒక్కతే. సాయంత్రం ఆటో ఎక్కించి తాళం తీసి లోపలికి వస్తే, మళ్ళీ ఆదివారం దాకా ఆ ఇంట్లో మాటన్నది ఉండేది కాదు.

అక్క ఊళ్ళో నేను సగం డాక్టర్ని. జువాలజీ అంటే కప్పలూ బొద్దింకలూ అని ఎంత మొత్తుకున్నా వినరు. జ్వరం మాత్ర మింగాలన్నా "మేడాన్ని అడుగున్రి" అంటారు. నిజం చెప్పొద్దూ, ఆ గౌరవం నాకూ తియ్యగానే ఉండేది.

ఒక ఆదివారం అక్క తలుపు గడియ పెట్టి, జాకెట్ హుక్కులు విప్పింది.

"జర చూడు చెల్లె. ఎడమ దిక్కు బరువు బరువు ఉంటున్నది. మా ఊరి ఆశా వర్కరు దవాఖానకు పొమ్మంటున్నది. ముందుగాల మా చెల్లెకు చూపిస్త అన్న."

తడిమి చూశాను. చర్మం కింద కొంచెం మందంగా అనిపించింది, కానీ నా వేళ్ళు వెతుకుతున్నది గడ్డ కోసం. ఏటా ఆడపిల్లలకు నేనే చెబుతాను కదా, బఠాణీ గింజంత గడ్డ తగిలినా దాచుకోకండని! ఆ బఠాణీ నాకు తగల్లేదు.

"గడ్డ లేదక్కా. వయసు మీద పడుతున్నది, అంతే. ఫికర్ చేయకు."

అక్క మొహం తేటపడింది. ఆ పూట నాలుగు రొట్టెలు చేసి మూడు నాకే పెట్టింది.

ఏడు నెలలు పోయాయి. రొమ్ము లోపలికి గుంజుకుపోతున్నట్టు కనబడ్డాక హైదరాబాద్ తీసుకుపోయాను. ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్. రిపోర్టులో ఒక వరుస ఉంది: ఈ-క్యాడ్హెరిన్ నెగెటివ్. దవాఖాన బెంచీ మీద కూర్చుని ఆ వరుస మళ్ళీ మళ్ళీ చదివాను. కణాలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటేనే అది కణజాలమని ఎన్నేళ్ళు పాఠం చెప్పాను! ఆ పట్టునిచ్చే ప్రోటీన్లలో ఇదొకటి. అక్క క్యాన్సర్ కణాల్లో అది లేదు. పట్టు లేని కణాలు ముద్దగా కూడవు. ఒకదాని వెనక ఒకటి వరుసగా సందుల్లోంచి పాకిపోతాయి. అందుకే ఈ రకంలో చాలాసార్లు చేతికి గడ్డ తగలదు. కణాల పట్టు గురించి నా నోట్సులో రెండు పేజీలున్నాయి. అది పోతే ఏమవుతుందో మాత్రం ఒక్కనాడూ ఆలోచించలేదు.

"ఏం రాసిన్రు?" అంది అక్క.

కణాల మధ్య పట్టు పోయిందని చెప్పాను.

"పాత పిండి లెక్కనన్నట్టు. జిగట పోయినంక ఎంత పిసికినా ముద్ద కాదు. రొట్టె కొడుతుంటే అంచులు పగుల్తయి."

ఇన్నేళ్ళలో నా పిల్లలెవరూ ఇంత మంచి జవాబు రాయలేదు. "అక్కా, ఆనాడు నేను..." అని మొదలుపెట్టాను.

"ఊకో. ఆకలైతున్నది, ఏమన్న తేపో."

తర్వాత రెండేళ్ళు బతికింది. నేను ఆ మాట ఎప్పుడు ఎత్తినా ఆమెకు ఆకలయ్యేది, తిండి సయించని రోజుల్లో కూడా.

అక్క దినాల రోజు ఆడవాళ్ళమంతా ఆమె వాకిట్లో కూర్చున్నాం. ఆశా వర్కరు వచ్చి నా భుజం మీద చేయి వేసింది.

"మీకు చూపిస్త అని నాకు మాటిచ్చింది మేడం. రోగం బయటపడ్డంక అడిగితే, సిగ్గయి చెల్లెకు చూపించలే అన్నది. చూపిస్తే మీరు అప్పుడే పట్టుకుందురు."

నా దగ్గర అక్కకు సిగ్గేమిటి! నా తప్పును తన సిగ్గు కింద దాచిపెట్టి, ఊళ్ళో నా గౌరవం నిలబెట్టి పోయింది పిచ్చిది. కాళ్ళ మీద పడి ఏడుద్దామంటే ఆ కాళ్ళు లేవు. ఊరుకుంటే చాలు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఊరుకుందామనే అనుకున్నాను.

అంతలో వెనక నుంచి ఒకామె, "గంత చదువుకున్న చెల్లెను పెట్టుకొని! ఉత్త తెలివిలేని మనిషి" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తెలివి లేనిది నాకు," అన్నాను. "అక్క చూపించింది. ఈ చేత్తోనే చూసిన. గడ్డ లేదు, ఏం కాదని నేనే చెప్పిన. గడ్డ లేకున్నా ఆ రోగం ఉంటది."

ఆశా వర్కరు నా భుజం మీది చేయి మెల్లగా తీసేసింది. ఎవరూ నా వైపు చూడలేదు. ఇక ఆ ఊళ్ళో కూడా నాకెవరూ లేరనుకుని, లేచి చెప్పులు వేసుకుంటున్నాను. అక్క పక్కింటి కోడలు వచ్చి నా కొంగు పట్టుకుంది.

"మేడం, నాకు కుడి దిక్కు గట్టిగైంది. గడ్డ లేదు గదా అని ఇన్ని దినాలు ఊకున్న. జర లోపటికి వచ్చి చూడున్రి."

అప్పటికే ఆ కోడలు మా అక్క ఇంటి తలుపు తోసి పట్టుకొని నిలబడింది. నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.

"నాకు చూపించకు," అన్నాను. "రేపు పొద్దున మొదటి ఆటోకు మా ఇంటికి రా. దవాఖానకు పోదాం."