"ఫారం లేదు" అన్నది సత్యం కాదు

నిన్న పొద్దున్న టిఫిన్ ముందు కూర్చుని ఫోన్ తీశాను. మన చోడవరం గ్రూపులో మెసేజ్.

"ఫారం సత్యం గారు ఇక లేరు."

రెండుసార్లు చదివాను. ఇడ్లీ చల్లారిపోయింది. తినబుద్ధి కాలేదు.

సత్యం నా చిన్ననాటి ఫ్రెండ్. ఎనభై ఏడేళ్ళు. ఇద్దరిదీ ఒకే బెంచీ.

కింద మీ కామెంట్లు చూశాను. దండాలు, పూలు, మధ్యలో నవ్వే బొమ్మలు. "ఒక్క మాటతో రేసు ఆపేసిన మొనగాడు" అని ఎవరో రాస్తే దానికి బోలెడు లైకులు.

సిగ్గుండాలి. మనిషిని అప్పటికింకా ఇంట్లోంచి తీసుకెళ్ళనే లేదు.

ఆ కథ అసలు ఎలా జరిగిందో మీలో ఒక్కరికీ తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. చదవండి.

యాభైల నాటి మాట. మాకు ఇరవై నిండాయో లేదో. చోడవరంలో నాలుగు రోజుల సైకిల్ రేసు పెట్టారు. ఒక రోజు అనకాపల్లి వెళ్ళి రావాలి, ఒక రోజు కె.కోటపాడు, ఒక రోజు రోలుగుంట, చివరి రోజు గోవాడ. అన్ని రోజుల టైమూ కలిపి ఎవరిది తక్కువైతే వాళ్ళదే కప్పు.

అందులో సన్యాసినాయుడు గారు దిగారు. చెరుకు రైతు. నలభై దాటిన మనిషి. అంతకుముందు గెలిచిన కప్పులు ఇంట్లో వరసగా ఉండేవి.

సత్యానికి ఆయన దేవుడు. నాకు ఆయన్ని చూస్తే ఒళ్ళు మంట. కుర్రాళ్ళకి దారి వదలడేం అని నా గోల. నాది సూరిబాబు పార్టీ. సూరిబాబు మా వయసువాడే, గాలిలా తొక్కేవాడు.

రెండో రోజు కోటపాడు నుంచి నాయుడు గారు ఆరోవాడుగా వచ్చారు. ఆ సాయంత్రం బస్టాండు దగ్గర టీ కొట్టులో కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"ముసలోడు అయిపోనాడ్రా. మోకాళ్ళు అరిగిపోనాయి."

"నీ మొకం! కావాలనే ఎనకబడ్డాడు. రేపు రోలుగుంట దార్లో సూడు."

"ఏటి సూసేది? ఆయాసం సూడ్నేదా?"

నేను సత్యం మీద పడ్డాను. "మీ తాతని ఇంటికి తీసుకుపోరా, గంజి పోద్దువు గానీ!"

సత్యం రోజూ లైబ్రరీకి వెళ్ళి ఇంగ్లీషు పేపర్లో ఆటల పేజీ చదివేవాడు. ఆ ముక్కలు తెచ్చి మా మీద వదలడం వాడికి సరదా. వెర్రివాడు. టీ కొట్టులో ఎవరి ముందు ఏం మాట్లాడాలో తెలియదు. నింపాదిగా అన్నాడు.

"ఒరే అప్పలరాజూ, నాయుడు బాబు ఈ రెండ్రోజులూ ఫారంలో నేడ్రా. రేపు వచ్చేస్తాడు సూడు."

మా ఊళ్ళో అప్పట్లో ఫారం అంటే రెండే. బళ్ళో అయితే క్లాసు. ఆఫీసులో అయితే సంతకం పెట్టి ఇచ్చే కాగితం. ఆటగాడి ఊపుని కూడా ఇంగ్లీషులో ఫారం అంటారని ఎవరికి తెలుసు?

నేను బెంచీ ఎక్కాను.

"ఇన్నారా! నాయుడికి ఫారం నేదంట! సత్యమే సెప్పేడు!"

అంతే. తెల్లారేసరికి ఊరంతా ఒకటే మాట. నాయుడు ఎంట్రీ ఫారం ఇవ్వకుండా దొంగతనంగా తొక్కేస్తున్నాడు.

మూడో రోజు బయల్దేరే టైముకి జనం ఆయన సైకిల్ హేండిల్ పట్టుకున్నారు. దొంగ అన్నారు. ఫారం చూపించమన్నారు. ఒకడు ఆయన తువ్వాలు లాగేశాడు. కమిటీ వాళ్ళు మిగతావాళ్ళని రేసులోకి వదిలేసి, ఆయన్ని మాత్రం నిలబెట్టి, ట్రంకు పెట్టెలో కాగితాలు వెతికారు.

ఫారం దొరికింది. సంతకంతో సహా.

అప్పటికి అరగంట అయింది. ఆ అరగంట ఆయన టైములోంచి తీసేద్దామని ఒక్కడూ అనలేదు.

"ఎవుడ్రా అన్నాడు నాకు ఫారం నేదని?"

అందరూ సత్యాన్ని చూపించారు.

"నువ్వేట్రా సత్యం?"

సత్యం నా వైపు చూశాడు.

నేను నా చెప్పులు చూసుకున్నాను.

"నానన్నది అది కాదు బాబూ..." అని వాడు మొదలుపెట్టాడు. ఆ గోలలో వాడి ఇంగ్లీషు వివరం ఎవరు వింటారు? నాయుడు గారు సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఆ రోజు ఆఖరివాడుగా వచ్చారు. నాలుగో రోజు రాలేదు. ఆ తర్వాత ఏ రేసుకీ రాలేదు.

కప్పు సూరిబాబుకి వచ్చింది. సత్యానికి ఫారం సత్యం అన్న పేరు వచ్చింది. నేను ఈలలు వేశాను.

గోవాడ దారిలో నాయుడు గారి చెరుకు తోట. ఆ గట్టు రాగానే సత్యం సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళేవాడు, పెద్దాయన ఎదుట సైకిల్ మీద పోకూడదని. నాయుడు గారు మొహం తిప్పేసుకునేవారు. ఇరవై ఏళ్ళు ఇదే తంతు. ఆయన పోయేదాకా వాణ్ణి ఒక్కసారి పలకరించలేదు.

వాడి పక్కనే నడుస్తున్న నన్ను మాత్రం "ఏరా బాబూ, బాగున్నావేటి?" అనేవారు.

నేను బాగున్నానని చెప్పేవాణ్ణి.

ఇక అసలు సంగతి. ఫారం అంటే ఏమిటో ఆ రోజు నాకు తెలుసు. అంతకు వారం ముందే సత్యం పేపరు చూపించి నాకు చెప్పాడు. అర్థం కాక అరవలేదు. అర్థమయ్యే అరిచాను. జనం ఎలా అనుకుంటారో కూడా తెలుసు.

పోయిన నెల వాడింటికి వెళ్ళి ఇదంతా ఒప్పుకున్నాను. ఊరందరికీ చెప్పేస్తానన్నాను.

వాడు మంచం మీంచి లేవలేదు. గోడ వైపే చూస్తూ అన్నాడు.

"నాయుడు బాబు ఉన్నప్పుడు సెప్పాల. ఇప్పుడు ఎవుడిక్కావాల? ఎళ్ళు."

కోడలు టీ తెస్తుంటే వద్దని చెయ్యి ఊపాడు. సరైన పనే చేశాడు. నేనైతే కర్ర తీసుకునేవాణ్ణి.

కాబట్టి ఇక్కడ నన్నెవరూ ఓదార్చకండి. పెద్ద మనసు అని రాయకండి. రాస్తే బ్లాక్ చేస్తాను.

వెళ్ళిరా సత్యం. అక్కడ నాయుడు బాబు కనబడితే ఈ అప్పలరాజు పేరు చెప్పు. ఆయన నిన్ను ఒక్కసారి పలకరించాలి. నీకు శాంతి అంటే అదే.