ఉల్లి వాసన తీగ

ఓల్వెన్ బడి వంటగదికి పెద్ద. ఆమె కింద నేను ఏళ్ళ తరబడి బంగాళాదుంపలు చెక్కు తీశాను. అందుకే ఆవిడ గురించి చెప్పే హక్కు నాకుందని అనుకుంటాను. ఆవిడ గుమ్మంలో కాలు పెడుతూనే, "ఐవీ, పాలు అడుగంటుతున్నాయి" అనేది. నేనేమో గిన్నె పక్కనే నిలబడి ఉండేదాన్ని, నాకు తెలిసేది కాదు. ఆ ముక్కుకి మేమంతా భయపడేవాళ్ళం. ఆ నోటికి ఇంకొంచెం ఎక్కువే భయపడేవాళ్ళం.

ఆవిడది మా ఊరు కాదు. సరిహద్దు అవతల, వేల్స్‌లో బొగ్గు గనుల ఊరు. ఆ రోజుల్లో సెప్టెంబరు వచ్చిందంటే అక్కణ్ణించి కుటుంబాలకు కుటుంబాలు ఇంగ్లండులోని మా హెర్‌ఫర్డ్‌షైర్‌కి హాప్ పూలు కోయడానికి వచ్చేవి. బీరుకి చేదూ వాసనా ఇచ్చేవి ఆ పూలే. పిల్లాపాపలతో రేకు గుడిసెల్లో, గడ్డి పరుపుల మీద పడుకుని, కోత అయ్యాక వెళ్ళిపోయేవాళ్ళు. ఒక ఏడాది అందరూ రైలెక్కారు గానీ ఓల్వెన్ ఎక్కలేదు. మా ఊరి కుర్రాడు క్లెమ్‌ని చూసి ఉండిపోయిందని అందరూ అంటారు. క్లెమ్ వాళ్ళమ్మ చేసే ఆపిల్ కేకుని చూసి అని నా అనుమానం, ఎందుకంటే అప్పట్లో క్లెమ్‌లో చూడటానికి పెద్దగా ఏమీ లేదు. పెళ్ళయి, పిల్లలు పుట్టి, వాళ్ళకీ పెళ్ళిళ్ళయినా మా ఊరి ముసలమ్మలు ఆవిణ్ణి "ఆ కోతలవాళ్ళ పిల్ల" అనే అనేవాళ్ళు. ఓల్వెన్ వినీ విననట్టు ఊరుకునేది. ఆ ఊరుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఉద్యోగం మానేశాక బీరు కాయడం మొదలుపెట్టింది. మాది ఆపిల్ దేశం. ఇక్కడ మగాడన్నవాడు సైడర్ తాగుతాడు, అదీ తన చెట్ల ఆపిల్ రసం తన పీపాలో పులియబెట్టుకున్నది. క్లెమ్ వాళ్ళ తాతల కాలం నుంచీ అదే పని. కొట్టంలో ఒకవైపు ఆయన పీపాలు, ఇంకోవైపు ఈవిడ డ్రమ్ము. ఒకే కప్పు కింద రెండు మతాలు. ఒకరి సరుకు ఒకరు ముట్టుకోకుండా హాయిగా కాపురం చేశారు.

ఇక తీగ సంగతి. పూలు కోసే యంత్రాలు వచ్చాక కోతలవాళ్ళు రావడం ఆగిపోయింది, రేకు గుడిసెల్ని పడగొట్టేశారు. ఆ శిథిలాల్లోంచి, కంచె పక్కన, ఒక హాప్ తీగ లేచింది. ఎవరూ నాటలేదు. ఎవరి గౌను మడతలోంచో, ఎవరి గడ్డి పరుపులోంచో విత్తనం రాలి ఉంటుంది. చుట్టుపక్కల తోటల్లో తీగలు తెగులు వచ్చి మాడిపోతుంటే ఇది మాత్రం కంచెక్కి, కంచె పక్క చెట్టెక్కి, ఆ పైన ఎక్కడానికి ఏమీ దొరక్క గాలిలో ఊగేది.

పూలు మాత్రం దండగ. హాప్ పువ్వు మంచిదో కాదో మావాళ్ళు చూసేది ఒకటే పద్ధతిలో. ఎండిన పువ్వుని రెండు అరచేతుల మధ్య నలిపి, చేతులు దోసిలి చేసి ముక్కు పెడతారు. ఈ తీగ పువ్వు నలిపితే ఉల్లిపాయ వాసన. అదీ తాజా ఉల్లి కాదు, రాత్రి కోసి బల్లమీద మర్చిపోయిన ఉల్లి. చూసినవాళ్ళందరూ ముక్కు మూసుకుని నవ్వారు. ఓల్వెన్ నవ్వలేదు, దానికి పాకడానికి ఒక తాడు కట్టి వచ్చింది.

కంచె అవతల హాప్ తోట ఆబ్రీ ప్రాబర్ట్‌ది. తండ్రి నాటి తోట. పక్క ఊళ్ళలో బూజు తెగులు తోటలకు తోటల్నే ఊడ్చేసింది. ఆయనకి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదని వాళ్ళావిడే నాతో చెప్పింది. అడవితీగలో తెగులు దాక్కుంటుందని ఆయన భయం. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆకు రాలాక దాన్ని వేరుతో సహా తవ్వేస్తానని ఓల్వెన్‌కి మర్యాదగానే చెప్పాడు.

ఈవిడ వద్దంది. ఆయన బతిమాలినట్టే అన్నాడు: "పనికొచ్చేదైతే ఉంచుదును కదమ్మా. ఉల్లిపాయ బీరు ఎవడు తాగుతాడు? నాకు నచ్చేలా ఒక్క గ్లాసు తాగించు. మళ్ళీ దాని ఊసెత్తను."

ఆ సాయంత్రం నేను ఊరుకోలేక, ఒక పిచ్చి తీగ కోసం ఇంత గొడవ దేనికని ఓల్వెన్‌ని అడిగాను.

"ఆ గుడిసెల్లో ఎంతమంది పడుకున్నామే ఐవీ," అంది. "మా అమ్మ, పిన్నులు, చంటిపిల్లలు. మేం వచ్చామనడానికి ఒక్క గోడ మిగిలిందా చెప్పు. ఉన్నది ఇదొక్కటే."



అప్పటికే కోసి ఆరబెట్టిన పూలతో బీరు కాయడం మొదలుపెట్టింది. బీరు కాచేవాళ్ళ పద్ధతి ఇది: చేదు కోసం కొన్ని హాప్ పూలు ముందే బార్లీ మొలకలు నానబెట్టి తీసిన తియ్యటి రసంలో మరిగిస్తారు. చల్లారాక ఈస్ట్ వేస్తారు. అది నురగలు కక్కుతూ పులుస్తుంది. నురగ అణిగి, అంతా సద్దుమణిగాక, వాసన కోసం ఇంకో గుప్పెడు పూలు గుడ్డసంచిలో కట్టి లోపల వేస్తారు. మరిగించడానికి కొన్న పూలు వాడి, చివర్లో వేసే గుప్పెడు మాత్రం తన తీగవి వేసింది. మొదటిసారి ఉల్లిపాయ పులుసు తయారైంది. రెండోసారి అంతకన్నా చిక్కటి ఉల్లిపాయ పులుసు. క్లెమ్ దాన్ని పందికి పోస్తే అది వాసన చూసి మొహం తిప్పుకుంది. పంది మొహం తిప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. ఓల్వెన్ ఆ రాత్రి భోంచెయ్యలేదు.

పూలు ఇక ఒక్క సంచికి సరిపడా, పైన ఓ నాలుగు మిగిలాయి. మూడోసారి రసం కాచి, ఈస్ట్ వేసిందో లేదో, చెల్లెలు కాలు విరిగి పడిందని వేల్స్ నుంచి కబురు. వెళ్ళక తప్పదు. సంచి కట్టి క్లెమ్ చేతిలో పెట్టి, నురగ పూర్తిగా అణిగాకే వెయ్యాలని ఇంట్లో చెప్పింది, దారిలో చెప్పింది, బస్సు కిటికీలోంచి కూడా చెప్పింది. క్లెమ్ అన్నిసార్లూ తలూపాడు.

కానీ క్లెమ్ సైడర్ మనిషి. పీపా నురగలు కక్కుతోందంటే వాళ్ళ లెక్కలో దానికి ఆకలేస్తోందని. వాళ్ళ నాన్న ఆ సమయం చూసి పీపాలోకి పంది మాంసం ముక్క జారవిడిచేవాడు. పని చేస్తున్న పీపాకి తిండి పెట్టకపోవడం వాళ్ళింట్లో పాపం. మర్నాడు నేను గుడ్లు తీసుకుందామని వెళ్ళేసరికి ఓల్వెన్ డ్రమ్ములో నురగ మూతని పైకి నెట్టేస్తోంది. క్లెమ్ కర్రతో సంచిని ఆ నురగలోకి కుక్కుతున్నాడు.

"ఆవిడ అణిగాక కదా వెయ్యమంది?" అన్నాను.

"దాని అవస్థ చూడు ఐవీ. నకనకలాడిపోతోంది. మాంసం ముక్క కూడా వేద్దామనుకున్నా, ఓల్ చంపేస్తుందని ఆగాను."

"చంపడం ఎలాగూ తప్పదు. సంచి బయటికి తియ్యి."

"తిండి పెట్టి నోట్లోంచి లాక్కుంటారా ఎవరైనా?" అన్నాడు ఎంతో బాధగా. ఆ మనిషితో వాదించడం నా వల్ల కాదు. ఆ రాత్రే ఓల్వెన్ చెల్లెలి ఇంటికి ఫోన్ చేసి జరిగింది తనే చెప్పాడు. అవతల ఆవిడ ఒక్క మాటా అనకుండా ఫోన్ పెట్టేసిందట. అది తిట్టడం కన్నా ఘోరం.

ఓల్వెన్ తిరిగొచ్చేసరికి డ్రమ్ము సద్దుమణిగింది. కోటు కూడా విప్పకుండా కొట్టంలోకి నడిచింది. వెనకాల క్లెమ్, ఆ వెనకాల నేను. పారబోయడానికి బకెట్టు కూడా పట్టుకొచ్చింది. ఆకు రాలడం మొదలైంది, పూలు లేవు, ఇంకోసారి కాచే వీలు లేదు. తీగ పని అయిపోయిందని మా ముగ్గురికీ తెలుసు.

మూత తీసింది. వంగింది. అలాగే ఉండిపోయింది.

కాసేపటికి తలెత్తి మొగుడి వైపు చూసింది. "ఏం పళ్ళు వేశావు?"

క్లెమ్ తన తల్లి మీద ఒట్టేశాడు. ఈవిడ నమ్మలేదు. పొడుగు గరిటె తెచ్చి, పీచ్ పండు గింజలు దొరుకుతాయేమోనని డ్రమ్ము అడుగంతా వెతికింది. ఏమీ లేవు. అప్పుడు నన్ను పిలిచింది.

నేను ముక్కు పెట్టాను. ఎలా చెప్పను? బాగా ముగ్గిన పీచ్ పండుని చేత్తో చీల్చినట్టు ఉంది. దాని వెనకాల గులాబీ, అదీ వాన వెలిశాక పెరట్లో వచ్చే గులాబీ వాసన. ఉల్లి లేదు, ఎంత వెతికినా లేదు. ఓల్వెన్ డబ్బాలో మిగిలిన పువ్వొకటి తీసి నలిపి నా ముక్కు కింద పెట్టింది. ఉల్లి. మళ్ళీ డ్రమ్ము దగ్గరికి వంగాను. గులాబీ. నేను తేలిగ్గా ఆశ్చర్యపోయే మనిషిని కాను, చర్చిలో పాదిరి అద్భుతాల గురించి చెబుతుంటే కునుకు తీసేదాన్ని. ఆ కొట్టంలో మాత్రం పెద్దగా మాట్లాడితే తప్పేమో అనిపించింది.

ఈస్ట్ అంటే కంటికి కనిపించని పురుగులు. కళ్ళు లేవు, ముక్కు లేదు. తీపి తినడం తప్ప ఇంకేమీ తెలియదనుకున్నాం. అవి కడుపు నింపుకునే వేళ ఆ పూలు చేతికి దొరికితే, మనుషులందరూ ఛీ అన్నదాన్ని పట్టుకుని ఇలా మార్చి పెట్టాయి. చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నవాళ్ళెవరో అది ఎలా జరుగుతుందో నోరు తిరగని పేర్లతో నాకు వివరించారు. శ్రద్ధగానే విన్నాను. ఆ పేర్లు ఇప్పుడు గుర్తు లేవు, ఆశ్చర్యం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.

ఓల్వెన్ బకెట్టు బోర్లించి దాని మీద కూలబడింది. డ్రమ్ము అంచు రెండు చేతులా పట్టుకుని, ముఖం దాదాపు లోపల పెట్టి, "ఎవర్రా మీరు?" అంది మెల్లగా. చంటిపిల్లల్ని అడిగినట్టు అడిగింది. క్లెమ్ టోపీ తీసేశాడు. ఆయన టోపీ లేకుండా ఉండటం నేను పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ తప్ప చూడలేదు.

బీరు సీసాల్లోకి ఎక్కి, తేరుకునేసరికి ఆకు మొత్తం రాలింది. ప్రాబర్ట్ అన్నమాట ప్రకారం పొద్దున్నే పలుగూ పారా పట్టుకుని వచ్చాడు. ఓల్వెన్ ఆయన్ని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి గ్లాసు నింపింది.

ఆయన వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగి, ఈ హాప్ ఎక్కడ కొన్నావని అడిగాడు. హాప్ పండించే కెంట్ వైపు కొత్త రకమేదైనా వచ్చిందా అన్నాడు. ఓల్వెన్ జవాబు చెప్పకుండా, గ్లాసు పట్టుకుని తనతో రమ్మంది.

కంచె దగ్గర తీగ ఎండిపోయి ఉంది. నాలుగైదు పూలు ఇంకా అంటిపెట్టుకుని ఉన్నాయి. ఓల్వెన్ ఒకటి తుంచి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన నలిపి, దోసిట్లో ముక్కు పెట్టి, ముఖం చిట్లించాడు. గ్లాసు ఎత్తి తాగాడు. మళ్ళీ దోసిలి. మళ్ళీ గ్లాసు. పుట్టిన దగ్గర్నుంచీ హాప్ తోటలో ఉన్న మనిషి, తడి కళ్ళు మెరుస్తూ నిలబడిపోయాడు.

"ఇదేనా?" అన్నాడు.

"ఇదే," అంది ఓల్వెన్.

"ఎలాగమ్మా?"

"నాకేం తెలుసు, స్కూలు వంటమనిషిని. నురగ పొంగుతున్నప్పుడు ఈయన వేశాడు. అంతే."

ఆయన కంచె మీదుగా తన తోట వైపు చూశాడు, వరసలు వరసలుగా స్తంభాలూ తీగలూ. తెగులు భయం ఎక్కడికీ పోలేదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఈ పక్కనున్న నా వరస ఒకటి తీసేస్తాను," అన్నాడు చివరికి. "మధ్యలో అంత ఖాళీ ఉంటే తెగులు దాటదు. దీన్ని ఉండనీ."

ఓల్వెన్ చేత్తోనే ముఖం తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, దాచేదేముంది.

ఆయన పలుగు భుజానికెత్తుకుని గేటు దాకా వెళ్ళి ఆగిపోయాడు. మా వైపు తిరగలేదు. దోసిలి ఇంకోసారి ముక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"మా నాన్నా నేనూ ఈ కంచెల వెంట ఏటేటా ఇలాంటివి పీకేవాళ్ళం," అన్నాడు. "ఒక్కసారి నలిపి చూడటం, వాసన నచ్చకపోతే పీకెయ్యడం. ఎన్ని పీకామో కూడా తెలియదు ఓల్వెన్."

ఓల్వెన్ గేటు దాకా వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి, వంటింట్లో కూర్చోబెట్టి ఆ ఖాళీ గ్లాసు మళ్ళీ నింపింది.