ఖర్జూరాలే అన్నాను

నా పేరు అడగకండి. కడప జిల్లా వాణ్ణి, కువైట్‌లో ఇంటి డ్రైవర్ని, అంతవరకు చాలు. ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి గుండెల మీద మోస్తున్నాను. పక్కనే పడుకునే నా భార్యకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెప్తున్నానంటే, ఈ వారం రోడ్లన్నీ ఒక పరాయి దేశం జెండాలతో నిండిపోయాయి. ఆ దేశాధ్యక్షుడు కువైట్ వస్తున్నాడు. ఆయన ఆ కుర్చీ ఎక్కడానికి నేనూ ఒక చెయ్యి వేశాను.

నవ్వొచ్చిందా? డ్రైవరెక్కడ, అధ్యక్షుడెక్కడ అని?

అప్పుడాయన మంత్రి. తమ దేశపు పనిమనుషుల కోసం కువైట్‌తో ఒప్పందం రాసుకోవడానికి వచ్చాడు. అధ్యక్ష ఎన్నికలకు ముందు ఆ కాగితం పట్టుకుని ఊరేగాలని ఆయన ఆశ. మేం బాబా అని పిలిచే, మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇల్లు జహ్రాలో. బయటి దేశాల నుంచి పనిమనుషులను తెప్పించే ఆఫీసు ఆయనది. ఆ ఇంట్లో వంట చేసే లీనాది మంత్రి దేశమే. నా దగ్గర ‘అన్నా’ అనే పిలుపు నేర్చుకుంది. ఒప్పందం వస్తే పాస్‌పోర్టు యజమాని దగ్గర కాక తన దగ్గరే ఉంటుందని, శుక్రవారం సెలవు దొరుకుతుందని రోజూ మొక్కుకునేది.

సంతకాలకు ముందు రోజు బాబా నా చేతికి పెద్ద ఖర్జూరాల పెట్టె ఇచ్చి, మంత్రి దిగిన హోటల్లో అప్పజెప్పి రమ్మన్నాడు. మండే ఎండాకాలం. కారు ఏసీ సరిగా లేదు. పాకం కారి మంత్రి చేతికి జిగట అంటితే బాబా నా తోలు తీస్తాడని భయపడి, దారిలో కారు ఆపి మూత తీశాను. తుడుద్దామని పై అర ఎత్తితే కింద మఖమల్ డబ్బా. అందులో వజ్రాల హారం. అన్నీ ఎప్పటిలా సర్ది ఇచ్చి వచ్చాను.

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. వంటింట్లో టీ తాగుతూ లీనాకు చెప్పేశాను. ఎందుకు చెప్పాను? పెద్దవాళ్ల గుట్టు నాకు తెలుసన్న గొప్ప కోసం. అంతకు మించి ఏమీ లేదు.

మర్నాడు టీవీలో ఒప్పందం చూపించారు. పాస్‌పోర్టు ఊసు లేదు, సెలవు ఊసు లేదు. వాళ్ల దేశం నుంచి మనుషులను తెచ్చే పనంతా మా బాబా ఆఫీసుకే దక్కింది. ఆ రోజు లీనా అన్నం ముట్టలేదు. తర్వాత, తమ దేశంలో రేడియోలో పనిచేసే బంధువుకు ఫోన్ చేసి హారం సంగతి చెప్పింది. అక్కడ గగ్గోలు పుట్టింది. ఇక ఆ మంత్రి అధ్యక్షుడైనట్టే అని అందరూ ఎగతాళి చేశారట.

ఆ మాట బయటపెట్టింది లీనానే అని తెలిసి, బాబా మా ఇద్దరినీ అతిథులు కూర్చునే దివానియాలోకి పిలిపించాడు. మంత్రి మనిషి ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

“పెట్టెలో ఏముంది?” బాబా నన్నే అడిగాడు. గొంతు చాలా మెత్తగా ఉంది.

లీనా నా వైపు తిరిగింది. “అన్నా, చెప్పు. నువ్వు చూశావు కదా.”

“ఖర్జూరాలే బాబా.”

“వేరే ఏమైనా చూశావా?”

“లేదు. మూతే తియ్యలేదు.”

“మరి ఈమెకెవరు చెప్పారు?”

“నాకేం తెలుసు బాబా.”

“ఖలాస్,” అన్నాడు బాబా.

లీనా ఏడవలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

జైలుకు భయపడి అలా అన్నానని ఎన్నో ఏళ్లు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. భయం నిజమే. కానీ నా భార్యకు ఆ ఇంట్లోనే పని ఇప్పిస్తానని బాబా అంతకు ముందే మాట ఇచ్చి ఉన్నాడు, లీనా ముఖం చూస్తూ అబద్ధం ఆడుతున్నప్పుడు ఆ మాట నా మనసులో మెదిలిందా లేదా? మెదిలింది.

నా వీడియో వాళ్ల దేశం టీవీల్లో వేశారట. ‘పెట్టె మోసిన డ్రైవరే చెప్తున్నాడు చూడండి, నా మీద కుట్ర చేశారు’ అని మంత్రి కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. జనం జాలిపడ్డారు. గెలిచాడు. ఇక్కడ ఉండటానికి లీనాకున్న ఇఖామా కార్డు రద్దు చేసి విమానం ఎక్కించారు. సొంత ఊళ్లో కూడా అబద్ధాలకోరని ఆమె ముఖాన ఉమ్మేశారని విన్నాను. ఆ తర్వాత తెలియదు. నంబరు నా ఫోన్‌లోనే ఉంది, చెయ్యలేదు.

ఆ ఖాళీలోకే నా భార్య వచ్చింది. లీనా గదిలోనే ఉంటున్నాం. తలుపు వెనక లీనా కొట్టుకున్న మేకుకే నా భార్య నైటీ తగిలిస్తుంది. ఫహాహీల్ వెళ్లే బస్సులో లీనా దేశపు ఆడవాళ్లు నా వైపు చూస్తే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను. ఆ వీడియో చూసి ఉంటారా? గుర్తుపట్టారా? స్టాపు రాకముందే దిగిపోతాను.

నిన్న కారులో పోతుంటే జెండాల పక్కన ఆయన బొమ్మ. నా భార్య అద్దంలోంచి తొంగి చూసింది.

“ఎవురు ఈయప్ప? మొగం చూస్తే మంచోని మాదిరుండాడే.”

“నాకేం దెల్సు,” అన్నాను.

మళ్లీ అదే మాట. ఈసారి బాబా లేడు, వీడియో లేదు, అడిగింది నా భార్యే. అయినా అదే వచ్చింది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ రోజు దివానియాలో అడిగినదానికి ఇప్పుడు జవాబు చెప్తున్నాను. మూత తీశాను. హారం చూశాను. లీనాకు చెప్పింది నేనే.