ఛాతీ ఫిలిం మీద ఒక శిల్పి

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, వేసవి చివరలో, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ ఆసుపత్రికి వారానికి మూడు రోజులు డిప్యుటేషన్ వేశారు. హోదా సీనియర్ రేడియోగ్రాఫర్. జనం నోట్లో మాత్రం ఎక్స్‌రే బాషా సారు. మా పనికి ఒక హద్దుంది. ఫిలిం తీయడం వరకే మాది, దాన్ని చదివి రోగం పేరు చెప్పడం డాక్టరుది. వెలుతురు పెట్టె మీద ఏం కనబడినా అది మా మొహంలో కనబడకూడదు. సర్వీసంతా ఆ మొహంతోనే గడిపాను. పెళ్లిళ్లకు కూడా అదే మొహం వేసుకొస్తానని మా ఆవిడ దెప్పుతుంది.

అప్పటికి నంద్యాలలో డిజిటల్ యంత్రం వచ్చేసింది. ఆళ్లగడ్డలో ఇంకా ఫిలిమే. కొత్త యంత్రం వచ్చేదాకా ఉన్న సరుకుతో నెట్టుకురమ్మన్నారు. మందులకున్నట్టే ఎక్స్‌రే ఫిలింకూ గడువుంటుంది. గడువు దాటిన పెట్టెల్ని రోగులకు వాడకూడదు, స్టాకు పుస్తకంలోంచి కొట్టేయాలి. అలా కొట్టేసిన పెట్టెల్ని పెద్ద డాక్టరుగారిని అడిగి, ఆయన సంతకంతో నేను తీసుకున్నాను. కారణం నా ఫోటోల పిచ్చి. శిరివెళ్లలో ఒక వడ్రంగి చేత టేకు చెక్కతో కెమెరా పెట్టె చేయించుకున్నాను. నంద్యాలలో మూతబడ్డ ఒక స్టూడియో నుంచి పాత లెన్సు సంపాదించాను. దానికి షట్టరు లేదు. ముందున్న మూత తీస్తే వెలుతురు లోపలికి పోతుంది, పెడితే ఆగుతుంది. అంతే యంత్రాంగం.

ఎక్స్‌రే ఫిలిం మామూలు ఫిలిం లాంటిది కాదు. రెండు వైపులా మందు పూత ఉంటుంది, గోరు తగిలితే చాలు గీత పడుతుంది. ఎరుపు రంగు దానికి కనబడదు. అందుకే డార్క్ రూములో ఎర్రదీపం వెలిగించుకుని, ట్రేలో బొమ్మ మెల్లగా పైకి తేలడం కళ్లారా చూడొచ్చు. నీళ్ల అడుగున ఎవరో నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినట్టు మొదట ఒక అంచు కదులుతుంది, తర్వాత మనిషి వస్తాడు. ఎన్నేళ్లు చూసినా నాకు అది కలలాగే ఉండేది. బొమ్మలు మాత్రం నావిగా ఉండేవి కావు. క్యాలెండర్లలో చూసినవే తీసేవాణ్ణి. అవుకు రిజర్వాయరు మీద సూర్యోదయం కోసం తెల్లారకముందే బస్సెక్కి పోయాను. ఎరుపు తెలియని ఫిలిం కదా, ఆకాశమంతా మసిబారింది. మా ఫార్మసిస్టు చూసి, "ఏంది బాషన్నా, గ్రహణం తీసినావా?" అన్నాడు.

ఆ రోజుల్లోనే వీరాచారి ఛాతీ ఫిలిం తీయించుకోవడానికి వచ్చాడు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే కుటుంబం వాళ్లది. చిన్నప్పటి నుంచి ఉలి పట్టినవాడు, ఆ మధ్య కటింగ్ మిషను కూడా పట్టాడు. ఫిలిం తడిగా ఉండగానే నాకు అర్థమైంది. ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు, గాలికి లేచిన పిండిలాగా. మొహం మామూలుగా పెట్టుకుని కవరులో వేసి లోపలికి పంపాను. డాక్టరు దాచకుండా చెప్పాడు. రాతిపొడి లోపల పేరుకుపోయింది, అది తిరిగి బయటకు రాదు, ఇకపై రాతి దగ్గరికే పోకూడదు, దూర ప్రయాణాలూ వద్దు.

వీరాచారి బయటకు వచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డాడు. తీగకు ఆరేసిన నా బొమ్మల్ని కాసేపు చూశాడు. "సారూ, నా రొమ్ము తీసినావు గదా ఈ ఫిలిం మీద. దీని మీదనే నా పని గూడా తియ్యి" అన్నాడు.

ఫోన్లో తీయించుకోవచ్చు కదా అన్నాను.

"ఫోన్లో శానా ఉండాయి సారూ. ఈ ఫిలిం అబద్ధం చెప్పదన్నాడు డాక్టరు. దీని మాటినే ఉలి కింద పెడతాండా. అట్లాంటప్పుడు ఇది నా పని గూడా సూడల్ల గదా?"

సరే తీస్తానన్నాను. విషయం ఏమిటంటే, షెడ్డులో అమ్మవారి విగ్రహం ఒకటి పూర్తయి ఉంది, కళ్లు తప్ప. కళ్లు ఇక్కడ తెరవరు. విగ్రహం గుడికి చేరి, ప్రతిష్ఠ నాడు, చెక్కినవాడే చివరి ఉలిదెబ్బ వేసి తెరవాలి. శుక్రవారం పొద్దున లారీ వస్తుంది. గుడి చాలా దూరం, వీరాచారి పోలేడు. ఆయన తమ్ముడు పోయి కళ్లు తెరుస్తాడు. అంటే తన చివరి అమ్మవారు తనను చూడకుండానే వెళ్లిపోతుంది. విగ్రహాల మీద శిల్పి పేరు ఉండదు. ఆయనకు మిగిలేది నేను తీసే బొమ్మ ఒక్కటే.

గురువారం మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక పెట్టె మోసుకుని షెడ్డుకు పోయాను. నా కోసం మిషన్లు ఆపేశారు. ఆపినా పొడి ఇంకా గాలిలోనే ఉంది. రేకుల్లోని చిల్లుల నుంచి ఎండ సన్నటి కర్రల్లా దిగుతుంటే, ఆ పొడి ఒక్కో కర్రలో నిదానంగా తిరుగుతోంది. అక్కడ నిలబడితే ఏదో చెరువు అడుగున ఉన్నట్టుంది. అందం చూసి నేను మైమరిచిన మాట నిజం. ఆ అందమే ఆయన ఛాతీలో ఉన్నదని వెంటనే గుర్తొచ్చి సిగ్గేసింది.

నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనకవైపు గరుకద్దంలో చూశాను. అమ్మవారు తలకిందులుగా, కళ్లు మూసుకుని, ప్రశాంతంగా ఉంది. షెడ్డు వెలుతురుకు ఏడెనిమిది సెకన్లు మూత తీసి ఉంచాలి. కెమెరా వెనక తొడిగే హోల్డరులో ఫిలింలు రెండే, అటొకటి ఇటొకటి. వీరాచారిని పక్కన నిలబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. "గడ్డం పైకెత్తు. భుజాలు ముందుకు. గట్టిగా గాలి పీల్చు. బిగబట్టు."

నోరు దానంతటదే అన్నది. ఆయన ఒళ్లూ దానంతటదే విన్నది. మూడు రోజుల కింద నా గదిలో స్టాండుకు ఛాతీ ఆనించి నిలబడ్డట్టే, బిగుసుకుపోయి నిలబడ్డాడు. నేను మూత తీశాను. సగం లెక్క కూడా కాలేదు, దగ్గు తెర వచ్చి ఆయన మోకాళ్ల మీదికి వంగిపోయాడు. ఆయన భార్య ఈశ్వరమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని పరుగున వచ్చింది.

"ఏందీ సారూ, ఆసుపత్రిని ఈడికి గూడా తెచ్చినావా?" అని నా మీద విరుచుకుపడింది. "ఊపిరి తీసుకోనీ. ఆ మనిషికి మిగిలిందే అది."

ఊపిరి తీసుకుంటే బొమ్మ అదిరిపోతుందమ్మా అన్నాను. ఆమె నన్నొక చూపు చూసి, చెంబు ఆయన నోటికి అందించింది. ఎండ కర్రలు పక్కకు జరుగుతున్నాయి. ఒక్క ఫిలిం మిగిలింది.

వీరాచారి నిలబడలేక అమ్మవారి పీఠం పక్కన రాతిముక్కల మీదే కూర్చున్నాడు. తల వెనక్కి వాల్చి, ఒక చెయ్యి అమ్మవారి పాదం మీద వేశాడు. కూర్చోమని నేను చెప్పలేదు, చెయ్యి పెట్టమనీ చెప్పలేదు. హోల్డరు తిప్పి పెట్టి, మూత తీశాను. షెడ్డులో ఆయన ఊపిరి తప్ప ఇంకో చప్పుడు లేదు. ఇసుక జల్లిస్తున్నట్టు వచ్చిపోతోంది. నేను లెక్కపెట్టడం మానేసి, ఆ ఊపిరినే వింటూ నిలబడ్డాను. చాలనిపించినప్పుడు మూత పెట్టాను.

సాయంత్రం ఎర్రదీపం కింద రెండూ కడిగాను. మొదటి దాంట్లో మనిషి రెండుగా ఉన్నాడు, ఒకడు బిగుసుకుపోయిన రోగి, ఇంకొకడు వంగిన పొగ. రెండో దాంట్లో అమ్మవారు చీర మడతతో సహా తేటగా వచ్చింది. పాదం మీద ఆయన చెయ్యి గోళ్లతో సహా వచ్చింది. ఆయన మొహం అంచులు కొద్దిగా మెత్తబడ్డాయి. ఛాతీ ఉండాల్సిన చోట మాత్రం పల్చటి మబ్బు, దాని వెనక పీఠం మీది లతలు కనబడుతున్నాయి. ఒళ్లు మండింది నాకు. కదిలిన ఫిలింను పక్కన పడేసి మళ్లీ తీయడం మా పద్ధతి. ఇక్కడ మళ్లీ అన్నది లేదు, పొద్దున్నే లారీ. ఇంత నమ్మి అడిగిన మనిషికి పాడైన బొమ్మ ఇవ్వాల్సి వచ్చిందే అని ఏడుపొచ్చింది. అయినా రెండింటికీ ప్రింట్లు వేశాను.

శుక్రవారం నేను పోయేసరికి అమ్మవారిని లారీలో గడ్డి మీద పడుకోబెట్టి మోకులు బిగిస్తున్నారు. వీరాచారి మొదటి ప్రింటు చూసి, "ఇది మీ ఆసుపత్రిది" అని నాకే ఇచ్చేశాడు. రెండోది చాలాసేపు చూశాడు. "చెయ్యి నిలబడినాది" అన్నాడు, అంతే. ఈశ్వరమ్మ దాన్ని లాక్కుని వెలుతురులోకి తిప్పింది.

"ఇదే మా ఆయప్ప. ఊపిరి తీసుకుంటాండాడు సూడు" అంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వీరాచారి లారీ ఎక్కబోతున్న తమ్ముణ్ణి పిలిచాడు. కళ్లు తెరవగానే విగ్రహం ఎదుట అద్దం పట్టడం ఆచారం, అమ్మవారి తొలిచూపు అద్దంలోనే పడాలి. ఆయన ప్రింటును మడత పడకుండా అట్టల మధ్య పెట్టి తమ్ముడి చేతికిచ్చాడు.

"అద్దం పట్టినాక ఇది సూపీ అప్పా. ఎవురు సేసినాడో సూసుకుంటాది."

తమ్ముడు తిరిగొచ్చాక చెప్పాడు, పూజారి హారతి పళ్లెం కోసం అటు తిరిగినప్పుడు చూపించాడట. వీరాచారి ఆ తర్వాత ఉలి పట్టలేదు. ఇంకో ఏడాది బతికాడు.

ఎక్స్‌రే గదిలో కదలిక తప్పు. ఆ నియమాన్ని నేను బయటకు మోసుకొచ్చాను, అందుకే నా బొమ్మల్లో మనుషులంతా రోగుల్లా ఉండేవారు. మిగిలిన పెట్టెలతో నంద్యాలలో కూరగాయలమ్మేవాళ్లనీ, దర్జీలనీ, నూలుకు రంగు వేసేవాళ్లనీ తీశాను. ఎవరికీ ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. ప్రతి బొమ్మలో ఎక్కడో ఒకచోట మబ్బు ఉంటుంది. కొందరు బాగాలేదని తిప్పి పంపారు. తెలిసినవాళ్లు మాత్రం చూడగానే ఇది బాషా తీసిందే అంటున్నారు. దాన్నే శైలి అంటారని ఎవరో చెప్పారు. నేను నేర్చుకున్నది అంతకంటే చిన్నది. మనిషి ఎదుట మూత తీశాక, ఎంతసేపు ఉంచాలన్నది నా చేతిలో గడియారం చెప్పేది కాదు.