ఇంకింత అనే మాట

కోరుట్ల నరహరి డాక్టరు గారు పరమపదించారన్న వార్త వినగానే నా చేతిలోని సుద్దముక్క జారిపోయింది. పాఠం సగంలో ఆపి పిల్లల ముందే ఏడ్చాను. ప్రాణం పోసింది అమ్మానాన్నలైతే, దాన్ని నిలిపింది ఆ మహనీయుడు.

మాది సిరిసిల్ల, నేత కుటుంబం. పసితనంలో నా పేగు మెలిపడి కుళ్లితే, హైదరాబాదులో చాలా భాగం కోసి తీసేశారు. మిగిలిన పొట్టి పేగు తిన్నదేదీ ఒంటికి పట్టనిచ్చేది కాదు. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు అక్కడి వైద్యులు. నాన్న ఇంటికి కాక కోరుట్లకు, నరహరి గారి దవాఖానకు తీసుకెళ్లాడు. పేగు మార్పిడి అన్న మాటే మా వైపు వినని కాలం. ఆయన నరానికి సెలైన్ పెట్టి, నోటికి చెంచాతో పలుచని గంజి మొదలుపెట్టారు. "పేగుకు తిండి మెల్లగ అలవాటు చెయ్యాలె. తొందరపెడితే అలుగుతది" అనేవారట.

మా నాయనమ్మకు ఇది హింసగా తోచింది. మా వైపు "ఇంకింత" అనకుండా వడ్డిస్తే మర్యాద తప్పినట్టే. ఒకనాడు ఆయన అటు తిరగగానే పప్పన్నం కలిపి, "ఇంకింత, ఇంకింత" అంటూ కడుపునిండా పెట్టింది. సాయంత్రానికి విరేచనాలతో నా కళ్లు లోపలికి పోయాయి. నేను తేరుకునేదాకా ఆయన నా మంచం పక్కనే ఉన్నారు.

"నా చేతులతోని నేనే సంపుకుంటుంటి గద దొరా" అని నాయనమ్మ ఏడ్చింది.

ఆయన చెంచా ఆమె చేతికే ఇచ్చారు. "పెట్టుడు నీ పనే అవ్వా. ఇంకింత అనుడు మాత్రం నా పని. నేనన్ననాడే ఒక చెంచ పెంచాలె."

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే ఆమె ప్రశ్న ఒక్కటే: "దొరా, ఇయ్యాల అంటవా?"

"దొరా అనకవ్వా, అన్నలు ఇంటే నా పని ఖతం. ఇయ్యాల అనను."

ఆయన అన్ననాడు వార్డంతా పండుగే.

నిజంగానే అవి అన్నల, అంటే నక్సలైట్ల, కాలం. ఆయనదీ దొరల కుటుంబమే; అన్నలకు భయపడి బంధువులంతా పట్నం చేరినా ఆయన కదల్లేదు. ఒక బంద్ నాడు స్కూటరు మీద సెలైన్ సీసాలు తెస్తుంటే దారిలో ముందు అన్నలు, తర్వాత పోలీసులు ఆపారట. "ఎవలకని అడిగిండ్రు. తిండి పట్టని పిల్లకని చెప్పిన. జల్ది పో సారూ అన్నరు. ఇద్దరు ఒక్క మాట మీదికొచ్చింది గప్పుడే" అని నవ్వేవారు.

నెలల తరబడి సాగిన ఆ సహనానికి ఫలం దక్కింది. నా పేగు తిండిని పట్టుకోవడం నేర్చింది. ఇటీవల ఆయనే ఫోన్ చేసి, "ఇప్పుడు పిల్లలకు పేగే మారుస్తున్నరట బిడ్డా, ఎంత మంచిగైంది!" అని పసివాడిలా సంబరపడ్డారు. అంతటి నిష్కల్మష హృదయుడు మా ప్రాంతానికి మళ్లీ దొరకడు. ఆ పుణ్యమూర్తికి నా అశ్రునివాళి.

దశదినకర్మ నాడు భోజనాల బంతిలో కూర్చొని, ఆయన పేరిట వడ్డించిన అన్నం తృప్తిగా తిన్నాను. ఆయన సతీమణి నా విస్తరి చూసి, "అరిగించుకుంటున్నవా బిడ్డా?" అని అడిగారు. తలూపాను. ఆ జవాబు కోసం ఒకప్పుడు నెలల తరబడి ఎదురుచూసిన మనిషి మాత్రం ఎదుటి గోడమీద దండ వేసిన పటంలో ఉన్నారు.