ఓదెలు కాక చేసిన పైపు చక్రం

ఎండకు కాగిన రబ్బరు పైపులోంచి మొదట వచ్చే నీళ్లకు ఒక వాసన ఉంటుంది. సూరత్ శివారు కోసాడ్‌లో మా బిల్డింగు కింద ఎవరు మెట్లు కడిగినా అది మూడో అంతస్తు దాకా వస్తుంది. నిన్న పొద్దున కూడా వచ్చింది. కలుపుతున్న పిండి అట్లాగే వదిలేసి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ వాసనకు నాకు ఇల్లూ గుర్తురాదు, ఊరూ గుర్తురాదు. మా ఓదెలు కాక గుర్తొస్తాడు.

కాక అన్నానని సొంత చిన్నాన్న అనుకునేరు. సలాబత్‌పురాలో నేను కండెలు చుట్టిన కార్ఖానాలో ఆయన మిస్త్రీ. కరీంనగర్ వైపు నుంచి పెళ్లికి ముందే సూరత్ వచ్చి, మేం సాంచాలనే మరమగ్గాలను బాగుచేస్తూనే ముసలివాడయ్యాడు. మా ఆయన వెంట కొత్తగా వచ్చి, హిందీ సగమే అర్థమయ్యే నాకు అక్కడ పెద్దదిక్కు ఆయనే. పొగడ్తంటే మహా ఇష్టం ఆయనకు. ఏ సాంచె బాగుచేసినా పక్కన నిలబడి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని చూసేవాడు. ఎవరూ అనకపోతే తానే అనుకునేవాడు.

మా గల్లీలోకి ఫైరింజను రాదు, ఆటో రావడమే కష్టం. మాకున్నదల్లా కుళాయి పక్కన మూలకు చిక్కుపడి పడుండే రబ్బరు పైపొకటి. ఒకసారి పక్క కార్ఖానాలో చిన్న మంట లేస్తే దాన్ని ఈడ్చుకుంటూ పరుగెత్తాం. అది మెలికలు పడి చుక్క నీరు వదల్లేదు. మంటే దయతలచి దానంతటది ఆరింది. ఆ రోజు నుంచి కాకకు నిద్ర పట్టలేదు. వెనకాల తుక్కు కుప్పలోంచి విరిగిన బీము ఒకటి బయటికి లాగాడు. సాంచె వెనక పడుగు దారమంతా చుట్టుకుని ఉండే ఇనుప దుంగ అది, రెండు కొసలకూ పళ్లేల్లాంటి రేకులుంటాయి. దాన్ని పొట్టిగా కోసి, పాత సాంచె కాళ్ల మీద కూర్చోబెట్టి వెల్డింగు చేశాడు. రబ్బరు పైపును దాని మీద చుట్టి, నడుమ ఇరుసుగా బోలు గొట్టం పెట్టి, కుళాయి నీళ్లు అందులోంచి పైపులోకి వెళ్లేట్టు కుదిర్చాడు. రెండు సెలవు రోజులు ఇంటి మొహం చూడలేదు.

“ఏంది బిడ్డా, గట్ల జూస్తున్నవ్? మంచిగున్నదా?” అన్నాడు.

“మంచిగనే ఉన్నది కాకా. గీ తాడెందుకు?”

పక్క రేకు మీదుగా ఒక తాడు చుట్టి, దాని కొసకు ఇనుప బరువు వేలాడదీశాడు. సాంచె మీద పడుగు వదులు కాకుండా బీముకు అట్లాగే బరువు కడతారు.

“లూజు ఇడిస్తే పడుగైనా, పైపైనా మన మాట ఇనదే,” అన్నాడు. తానే ముందు నిలబడి ఒక్క గుంజు గుంజాడు. పైపు బిగువుగా, చక్కగా వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. కాక ముప్పై ఏళ్లు సాంచాలతో సావాసం చేశాడు మరి. మంట లేచినప్పుడు పైపుకు బిగువు అక్కర్లేదని ఆయనకూ తట్టలేదు, మాకూ తట్టలేదు.

తర్వాత నెల గడిచిందో లేదో, ఒక మధ్యాహ్నం మగవాళ్లంతా టీకి బయటికి వెళ్లారు. చివరి సాంచె మోటారు కింద దారపు నుసి అంటుకుంది. లోపల నేనొక్కదాన్నే. మెయిన్ స్విచ్చు కట్టేసి, కుళాయి తిప్పి, పైపు పట్టుకుని లాగాను. బారెడు వచ్చి ఆగింది. రెండు చేతులా లాగినా మొండి గేదెలా కదల్లేదు. అరచేతుల తోలు ఊడింది గానీ పైపు ఊడలేదు. నా కళ్ల ముందే మంట పడుగెక్కింది. నా కేకలకు వాళ్లు పరుగెత్తుకొచ్చి బకెట్లతో ఆర్పేసరికి ఒక సాంచె బొగ్గయింది.

కార్ఖానా యజమాని షేటు వచ్చాడు. కాలిన పడుగును చూసి, నన్ను చూసి, “పైప్ భీ నహీ ఖీంచ్ సకీ? కల్ సే మత్ ఆనా,” అన్నాడు. పైపు లాగడం కూడా రానిదానివి, రేపటి నుంచి రావద్దని. మా ఆయన పనిచేసే మిల్లు అప్పటికే మూతపడి ఉంది. నా పని పోతే మేం మూటాముల్లే సర్దుకోవాల్సిందే. తల వంచుకుని చేతులు ఊదుకుంటున్నాను.

కాక చేతిలో టీ గ్లాసు ఇంకా ఉంది. దాన్ని గట్టు మీద పెట్టి ముందుకొచ్చాడు. “గల్తీ మేరీ హై, షేట్,” అన్నాడు, తప్పు తనదని. బరువు ఎత్తి చూపించాడు. ఇది కట్టింది తానేనని, తన చేతులతోనే గుంజి చూసుకున్నానని, ఆడమనిషి లాగాల్సి వస్తుందని తనకు తోచలేదని తన వచ్చీరాని హిందీలో చెప్పాడు. కాక కళ్లు మసకబారాయని షేటు అప్పటికే కొత్త మిస్త్రీ కోసం వెతుకుతున్నాడు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. కాకకు ఇంకా బాగా తెలుసు.

నా పని నిలబడింది. ఆ నెలలోనే కొత్త మిస్త్రీ వచ్చాడు. కాక అతని కింద పనిచేస్తూ, అతనికే పని నేర్పాడు. నన్ను కాపాడబోయి ఆయన తన చోటు పోగొట్టుకున్నాడనిపించేది నాకు. ఒకరోజు ఆ మాటే అన్నాను.

“నీకేం గాలే గదా,” అన్నాడు. “జర ఇటు రా. ఎడమ చెయ్యితోని గుంజు.”

తాడూ బరువూ తీసేసి, చక్రం ఊరికే తిరగకుండా, వేలితో లాగితే ఊడొచ్చే చెక్క మేకు పెట్టి ఉంచాడు. కట్టు కట్టిన చేత్తోనే లాగాను. పైపు గలగలా గల్లీ దాకా వచ్చింది. ఆయన పక్కన నిలబడి నా మొహంలోకి చూశాడు. “మస్తుగ చేసినవ్ కాకా,” అన్నాను. చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ తర్వాత ఏది చేసినా, ముందు మాలో బలం తక్కువైనవాళ్లతోనే లాగించి, తిప్పించి, ఎత్తించి చూసేవాడు.

కాక పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు నేను చీరల ప్యాకింగులో సూపర్‌వైజర్ని. పోయిన నెల ఒక లాటు మొత్తం తప్పు డబ్బాల్లో వెళ్లిపోయింది. తప్పు నంబరు చెప్పింది నేను, మాటపడి, పని పోయి ఇంటికి వెళ్లింది నా కింద పనిచేసే రేఖాబెన్. నేను మూడు రోజులు నోరు మెదపలేదు. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. నాలుగో రోజు నేనే వెళ్లి చెప్పాను, ఆమెను మళ్లీ పిలిచారు. నువ్వు మంచిదానివి, ధైర్యం గలదానివి అని నలుగురూ అన్నారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను. కాకకు మూడు రోజులు పట్టలేదు.