పసుపు చుక్కలు పడ్డ థీసిస్

మొన్న మధ్యాహ్నం మనవరాలి గదిలోకి కాఫీ పట్టుకెళ్ళాను. నాలుగు నెలల పాపను ఒళ్ళో వేసుకుని, ఎదురుగా కంప్యూటరులో ఆఫీసువాళ్ళందరి మొహాలూ పెట్టుకుని, అది తాపీగా, పాపకు పాలివ్వాలి, కాసేపు ఆగండి అనేసింది. అవతలున్న మగపిల్లల్లో ఒక్కడూ ఇబ్బంది పడలేదు సరికదా, ఒకడు పాపకు చెయ్యి కూడా ఊపాడు. సిగ్గుతో చచ్చింది నేను! కాఫీ అక్కడ పెట్టి, కొంగు సర్దుకుంటూ ఇవతలికి వచ్చి పడ్డాను. నా వయసువాళ్ళకు ఈ సిగ్గేమిటో విడమరచి చెప్పక్కర్లేదు.

అరవైల చివర్లో మేము తార్నాకలో ఒక ఇంటి వెనక వాటాలో ఉండేవాళ్ళం. మా ఆయన యూనివర్సిటీలో గుమాస్తా. పెళ్ళికి ముందే నేను టైపు నేర్చుకున్నానని, విద్యానగర్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేస్తుంటే అక్కడి పాత మిషను ఒకటి రిక్షాలో వేయించుకొచ్చారు. దాని మీద రీసెర్చి చేసే కుర్రాళ్ళ థీసిస్‌లు కొట్టేదాన్ని. ఇంటికి బోర్డూ గీర్డూ ఏమీ లేదు, హాస్టలు మెస్సుల్లో ఒకరి నోట ఒకరికి తెలిసి వచ్చేవారు. పని లేని సాయంత్రాలు క్యాంపస్‌లో చెట్ల కింద నడుస్తూ, ఎదురయ్యే కుర్రాళ్ళలో ఎవరి థీసిస్‌లో ఏముందో ఆయనకు చెప్పి నవ్వించేదాన్ని. ఆ రోజుల్లో నాకు కాస్త గర్వం కూడా ఉండేదేమో.

కడుపు తెలుస్తున్నకొద్దీ ఆ గర్వం ఎటుపోయిందో గాని, పరాయి మగవాళ్ళ ఎదుట ఆ పొట్టతో నిలబడాలంటే తల కొట్టేసినట్టుండేది. పైగా కడుపుతో ఉన్న పెళ్ళాం చేత పని చేయించి సంపాదిస్తున్నాడని ఆయన్ని నలుగురూ అనుకుంటారేమోనన్న బెంగొకటి. మిషను వెనకగదిలోకి మార్పించి, కాగితాలు తేవడం, ఇవ్వడం ఆయనకే అప్పజెప్పాను. దాంతో కొత్తగా వచ్చినవాళ్ళంతా టైపు కొట్టేది ఆయనే అనుకున్నారు. మీ చెయ్యి భలే సాఫుగా ఉంటుందని వాళ్ళు మెచ్చుకుంటుంటే, ఆయన నీళ్ళు నమిలేవారు. తెర వెనక నేను నోరు మెదిపేదాన్ని కాదు.

అలా వచ్చినవాడే మెదక్ వైపు పల్లెటూరి కుర్రాడొకడు. వాళ్ళింట్లో బడి మొహం చూసిన మొదటివాడు. చెరువుల కింది సేద్యం మీద రాశాడు. గడువులోగా థీసిస్ ఇస్తే లెక్చరర్ ఉద్యోగం చేతికొచ్చేట్టుంది, లేకపోతే లేదు. ఆఖరి అధ్యాయం మిగిలి ఉండగా నాకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది.

మా అమ్మ లేదు కనుక పురుడు పోయడానికి అత్తగారే కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. పురుడు వెళ్ళేదాకా నేను దేన్నీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మైల. ఆవిడ మడి సంగతి తెలిసి, ఇక ఆ కుర్రాడి పని గంగలో కలిసినట్టే అనుకున్నాను. అయితే అతను వాకిట్లో నిలబడి, మా అమ్మ నా నౌకరీ కోసమని మొక్కులు మొక్కుతున్నది సార్ అనడం ఆవిడ చెవిన పడింది. ఏమనుకున్నారో, ఆవిడే మిషను బల్లను నా మంచం దగ్గరకు జరిపి, పిల్లను ఒళ్ళోకి తీసుకుని, కానీయవే అన్నారు.

కొట్టాను. నడుం పడిపోతున్నా ఆ అధ్యాయం పూర్తిచేశాను. మర్నాడు ఆ కుర్రాడు కాగితాలు తీసుకెళ్ళి, పోయినంత వేగంగా తిరిగొచ్చాడు. ప్రతి కాగితం మీదా పసుపు చుక్కలు!

"ఏంది సార్ గీ మరకలు? ఎట్ల ఇయ్యాలె వాళ్ళకు?" అంటున్నాడు. మా ఆయన తెల్లమొహం వేశారు. అత్తగారేమో నా చెవిలో, "పురిటి మైల తగిలిన కాయితాలు ఆ పిల్లాడికి అచ్చిరావద్దూ? అందుకే నాలుగు పసుపునీళ్ళు చల్లాను," అన్నారు అమాయకంగా. నా ప్రాణం పోయినంత పనైంది. మరక సంగతి చెప్పాలంటే పురుడు సంగతి చెప్పాలి. పురుడు సంగతి చెబితే టైపు ఎవరిదో తేలిపోతుంది. చెప్పకపోతే ఆ కుర్రాడి నోటికాడ కూడు నేలపాలు.

తెర తీసుకుని బయటికి వచ్చాను. తలకు గుడ్డ, చెవుల్లో దూది, పాలతో తడిసిన రవిక. చీర కొంగు ఎంత లాక్కున్నా చాల్లేదు. టైపు చేసింది నేనే, రేపటికి మళ్ళీ కొట్టి ఇస్తానని నేలకేసి చూస్తూ చెప్పాను.

అతను మెల్లగా, "అయ్యో అక్క, బాలింతవు, నీతోని గింత పని చేయించుకున్ననా?" అన్నాడు. మర్నాడు వచ్చి కొత్తవి తీసుకున్నాక కూడా ఆ పసుపు కాగితాలు వదల్లేదు. "మా అమ్మకు చదువు రాదు. పసుపైతే సమజైతది," అని మడతపడకుండా చొక్కాకు ఆనించి పట్టుకుపోయాడు. లోపల అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు.

వెళ్ళబోతూ అతను నా పేరడిగాడు. ముందుమాటలో కృతజ్ఞతలు చెప్పుకునే చోట వేస్తానన్నాడు. అమ్మో, నా పేరు అచ్చులోనా, పురుట్లో కూర్చుని కొట్టిందని అందరికీ తెలియాలా అనిపించి, మా ఆయన పేరు వేయండి చాలన్నాను. అతను రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే చెప్పాను. అలాగే వేశాడు.

మొన్న గదిలోంచి ఇవతలికి వస్తూ ఒకటి చూశాను. కంప్యూటరులో మా మనవరాలి మొహం కింద దాని పేరు రాసి ఉంది. పాలివ్వాలి, ఆగండి అని అందరితో అన్నప్పుడూ ఉంది. పొట్టకు, తలగుడ్డకు, తడిసిన రవికకు సిగ్గుపడే రోజులు పోయాయి, మంచిదే అయింది. అవన్నీ తలుచుకుంటే నాకూ ఇప్పుడు నవ్వే వస్తుంది. పేరడిగితే తల వంచుకున్నానే, దానికి మాత్రం ఈ వయసులో కూడా సిగ్గేస్తుంది.